పెద్ద చేపల తొట్టికి తగిన వడపోత

సహోద్యోగుల ఇండ్లలో మేము పలుమార్లు గమనించిన విషయమొకటి ఉన్నది. ముచ్చటపడి నాలుగడుగుల అక్వేరియం కొంటారు. మూడవ వారం గడవకముందే చేపలు ఒకటొకటిగా చనిపోతాయి. పిల్లలు కంటతడి పెడతారు. పెద్దలు చేపలమ్మిన దుకాణాన్ని నిందిస్తారు. చాలా సందర్భాలలో దోషం చేపలది కాదు, వడపోతది.

నీటిని తేటగా ఉంచుట ఫిల్టరు చేసే పనులలో ఒకటి మాత్రమే. చేపల మొప్పలనుండి, విసర్జనలనుండి, మిగిలిపోయిన మేతనుండి అమ్మోనియా పుడుతుంది. ఫిల్టరులోని స్పాంజిని, పింగాణీ ముక్కలను ఆశ్రయించిన సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరికొన్ని ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగాను మారుస్తాయి. మంచినీటి తొట్లలో ఈ రెండవ పని నైట్రోస్పైరా వర్గానిదని 1998లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. ఈ జీవులు స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. కనుక మొదట కొద్ది చేపలతోనే ఆరంభించవలెను. క్షారగుణం గల బోరునీరు వాడేవారికి మరింత జాగ్రత్త అవసరం. 25 డిగ్రీల వేడిమిలో పి.హెచ్. 7 వద్ద మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు, పి.హెచ్. 8 వద్ద అది 5 శాతం దాటుతుంది.

ఇక లెక్కకు వద్దాము. 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు గల తొట్టి ఘనపరిమాణం 324 లీటర్లు. ఇసుక, రాళ్ళు, పైన వదలిన ఖాళీ తీసివేయగా సుమారు 270 లీటర్ల నీరు మిగులుతుంది. ఈ నీరంతా గంటకు నాలుగైదుసార్లు ఫిల్టరు గుండా ప్రవహించవలెనన్నది వాడుకలో ఉన్న కొలమానం. అనగా గంటకు 1,080 నుండి 1,350 లీటర్లు. బంగారు చేపలు, ఆస్కార్ల వంటి తిండిపోతులుంటే ఇంకను ఎక్కువ కావలెను.

అయితే పెట్టెమీద అచ్చువేసిన సంఖ్యను యథాతథంగా నమ్మరాదు. అది సాధారణంగా ఫిల్టరులో ఏమీ నింపకుండా కొలిచినది. స్పాంజి నింపి, దానికి మురికి పట్టిన పిదప ప్రవాహం బాగా తగ్గుతుంది. పంపుల విషయంలో మరొక మెలిక ఉన్నది. "గరిష్ఠ ఎత్తు 2 మీటర్లు" అంటే ఆ ఎత్తున నీరు అసలు రాదని అర్థము. తొట్టి క్రింద సంపు అమర్చితే నీటిని మీటరుకు పైగా ఎత్తవలసి ఉంటుంది. కనుక ఆ ఎత్తు వద్ద లభించే ప్రవాహాన్నే చూడవలెను. కానిస్టరు ఫిల్టరులో నీరు తొట్టినుండి వచ్చి తొట్టికే చేరే మూసిన వలయం. అక్కడ ఎత్తు లెక్కలోకి రాదు, గొట్టాల రాపిడి మాత్రమే అడ్డు.

సంపు పెట్టేవారు కరెంటు పోయినప్పటి సంగతి ముందే యోచించవలెను. పై తొట్టిలో నీటిమట్టం ఒక సెంటీమీటరు దిగితే 5.4 లీటర్లు క్రిందికి చేరతాయి. మూడు సెంటీమీటర్లు దిగితే 16 లీటర్లకు పైగా! అంత ఖాళీ సంపులో లేకపోతే నీరు గదిపాలే. మరొక మాట: కరెంటు లేనప్పుడు మూతబిగించిన కానిస్టరులో ప్రాణవాయువు తరిగి సూక్ష్మజీవులు నశింపసాగుతాయి. బ్యాటరీతో నడిచే గాలిపంపుకు అమర్చిన స్పాంజి ఫిల్టరు ఒకటి తోడుగా ఉంటే చేపలకు ఊపిరి నిలుస్తుంది.

స్పాంజిని కుళాయినీటితో కడుగరాదు; అందులోని క్లోరిన్ సూక్ష్మజీవులను చంపుతుంది. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను, అదియు ఒకేసారి అంతా కాక సగం సగముగా. ఎంత మంచి ఫిల్టరైనను నైట్రేటును సాధారణంగా తొలగించలేదు. కనుక వారానికొకసారి నాలుగవ వంతు నీరు మార్చుట తప్పనిసరి. క్రొత్తగా పోసే నీటిలోని క్లోరిన్‌ను ముందుగా పోగొట్టవలెను.

కొనబోయే సోదరులకు మా సలహా ఒక్కటే. ఒక పెద్ద ఫిల్టరుకు బదులు రెండు మధ్యరకం ఫిల్టర్లు తీసుకొనండి. ఒకటి ఆగినా రెండవది కాపాడుతుంది. గాజుకు, దీపాలకు, అలంకారాలకు పోగా మిగిలిన సొమ్ముతో కాక, ముందుగా ఫిల్టర్లకు కేటాయించి, మిగిలినదానికి తగిన తొట్టిని ఎంచుకొనండి.