కొత్తగూడ బడి సంగతి కొత్తగూడను అడగండి

తెలంగాణ పాఠశాల విద్యాశాఖ పెద్దలకు,

2025 నవంబరులో ముఖ్యమంత్రి సమీక్షలో వెలువడిన ఆదేశం మీకు తెలిసిందే. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు లోపల, ఇప్పుడు కోర్ అర్బన్ రీజియన్ అంటున్న ప్రాంతంలో, తరగతి గదులూ ఆటస్థలమూ చాలని ప్రభుత్వ బడులను దగ్గర్లో ఉన్న ప్రభుత్వ స్థలాలకు తరలించాలి. కార్పొరేట్ బడులకు దీటైన భవనాలు కట్టాలి. మంచి మాటే. పిల్లలకు ఆడుకునే జాగా వస్తుందంటే వద్దనే తల్లి కొత్తగూడలో ఉండదు. అయితే ఏ బడి కదులుతుంది, ఎక్కడికి కదులుతుంది, ఆ జాబితా ఎవరు రాస్తారు? ఆ తల్లిని పిలిచి అడగాలన్న మాట మాత్రం ఆ ఆదేశంలో ఎక్కడా కనబడదు.

‘దగ్గర్లో’ అంటే ఎంత దూరం? ప్రాథమిక పాఠశాల ఇంటికి కిలోమీటరు లోపల, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపల ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెబుతాయి. కాగితం మీద అది చిన్న దూరం. కొత్తగూడ చౌరస్తాలో ఆ కిలోమీటరు వేరుగా ఉంటుంది. ఇటు హైటెక్ సిటీ, అటు గచ్చిబౌలి, ఇంకోవైపు మియాపూర్, హఫీజ్‌పేట బండ్లన్నీ అక్కడే కలుస్తాయి. 2023 జనవరి 1న కొత్తగూడ ఫ్లైఓవర్ తెరిచారు. 2025 జూన్‌లో గచ్చిబౌలి నుంచి కొండాపూర్ వైపు పీజేఆర్ ఫ్లైఓవర్ వచ్చింది. కార్లకు దారి సాఫీ అయింది, సంతోషం. ఆ వంతెనల కింద రోడ్డు దాటాల్సిన రెండో తరగతి పిల్లవాడి సంగతి ఏ లెక్కలోకి వచ్చింది? బడిని చౌరస్తాకు అవతల పెడితే ఆ పిల్లవాణ్ణి రోజూ రెండుసార్లు ఎవరు దాటిస్తారు?

తల్లి దాటించలేదు. ఆమె తెల్లవారగానే అపార్టుమెంట్లలో అంట్లు తోమడానికి, ఇళ్లు తుడవడానికి వెళ్లిపోతుంది. తండ్రి రాత్రి డ్యూటీ వాచ్‌మన్, లేకపోతే సెంట్రింగు పనికి, తాపీ పనికి పోయేవాడు. ఐటీ కారిడార్‌లో సర్కారు బడి ఎక్కువగా ఇలాంటి ఇళ్ల పిల్లలతోనే నడుస్తుంది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బిహార్‌ల నుంచి పనికోసం వచ్చినవాళ్లు, పని ఎటు పోతే అటు మారేవాళ్లు. సంవత్సరం మధ్యలో చేరే పిల్లలు, ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష. ఈ ఇళ్లలో అక్క చేయి పట్టుకునే తమ్ముడు బడికి వెళ్తాడు. రేపు చిన్న తరగతులు ఒక చోట, పెద్ద తరగతులు ఇంకో చోట అయితే ఆ జంట విడిపోతుంది. తమ్ముణ్ణి దింపి రావడానికి అక్క చదువు ఆగుతుందా, లేక తోడు లేక తమ్ముడే ఆగిపోతాడా? ఈ ప్రశ్న సచివాలయంలో ఎవరికీ తట్టకపోవచ్చు. కొత్తగూడలో ఏ తల్లిని అడిగినా ముందు ఇదే చెబుతుంది.

స్థలం సంగతీ చెప్పుకోవాలి. 2025 అక్టోబరులో రాయదుర్గంలో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (టీజీఐఐసీ) వేలంలో ఎకరం 177 కోట్ల రూపాయలకు పోయింది. కొత్తగూడకు అది కూతవేటు దూరం. ఇంత ధర పలికే చోట బడికి ఆటస్థలం ఇవ్వడానికి ఏ ప్రభుత్వ భూమి మిగిలింది? మిగిలితే దాని సర్వే నంబరు ఎందుకు బయట పెట్టరు? ఇంకో భయం కూడా ఉంది. బడి ఖాళీ చేశాక ఆ పాత జాగా ఏమవుతుంది? అంగన్‌వాడీ అవుతుందా, గ్రంథాలయం అవుతుందా, లేక అదీ వేలం పాటకు వెళ్తుందా? తరలింపు కన్నా ముందు రాతపూర్వకంగా తేలాల్సిన విషయమిది.

చట్టం ఏం చెబుతుందో మీకు చెప్పనక్కర్లేదు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో కనీసం 75 శాతం మంది తల్లిదండ్రులు, సగం మంది మహిళలు. 22వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. బడి అభివృద్ధి ప్రణాళికను ఆ కమిటీయే తయారు చేయాలి, ప్రభుత్వం వేసే ప్రణాళికలకూ ఇచ్చే నిధులకూ అదే ఆధారం కావాలి. అంటే ప్రణాళిక బడి దగ్గర పుట్టి సచివాలయానికి ఎక్కాలి. ఇప్పుడు సచివాలయంలో పుట్టి బడి మీదికి దిగుతోంది.

కమిటీలకు జరిగిన మర్యాద కూడా గుర్తు చేయాల్సి వస్తోంది. 2019 నవంబరులో ఎన్నికైన కమిటీల గడువు రెండేళ్లు. 2021లో అది తీరితే పొడిగించుకుంటూ వచ్చి 2024 జనవరిలో ఎన్నికలు పెట్టారు. కూలి పోగొట్టుకుని వచ్చి చేతులెత్తి ఎన్నుకున్న తల్లులున్నారు. ఆ తర్వాత రెండు నెలలకే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలంటూ మరో వ్యవస్థ తెచ్చి మరమ్మతుల పని వాటికి అప్పగించారు. వాటికి అధ్యక్షురాలు మహిళా సంఘాల సమాఖ్య నాయకురాలు, కన్వీనరు హెడ్మాస్టరు. మహిళా సంఘాల మీద ఎవరికీ కోపం లేదు. వాళ్లు చేయించిన మరుగుదొడ్లు, మంచినీటి పనులు అవసరమైనవే. కానీ ఎన్నికైన కమిటీ ఉండగా ఇంకోటి ఎందుకు? అంతకుముందు 2022లో మన ఊరు - మన బడి కింద 7,289 కోట్లు అన్నారు, 26,065 బడులు అన్నారు. పనులు చేయించినవాళ్లు బిల్లుల కోసం ఎంతకాలం తిరిగారో మీ దస్త్రాల్లోనే ఉంటుంది. ప్రభుత్వం మారినప్పుడల్లా పథకం పేరూ కమిటీ పేరూ మారుతున్నాయి.

కొత్తగూడ ఉన్న శేరిలింగంపల్లిలో ఇంకో చిక్కుంది. ఇక్కడి సర్కారు బడుల బోర్డుల మీద నేటికీ మండల పరిషత్, జిల్లా పరిషత్ అని ఉంటుంది. ఇక్కడ మండల పరిషత్ ఎక్కడుంది? పంచాయతీలు పోయి మున్సిపాలిటీ వచ్చింది, 2007లో అది జీహెచ్‌ఎంసీలో కలిసింది. 2025 చివర్లో మరో 27 పురపాలికలు కలిపి వార్డులను 300 చేశారు. 2026 ఫిబ్రవరితో జీహెచ్‌ఎంసీ పాలకమండలి ఐదేళ్ల గడువూ ముగిసింది. బడి మాత్రం పేరుకు మండల పరిషత్‌ది, పర్యవేక్షణకు రంగారెడ్డి డీఈవోది, ఊడ్చే చెత్తకు కార్పొరేషన్‌ది. కొత్తగూడ తల్లి తన అభ్యంతరం చెప్పుకోవాలంటే ఏ గడప ఎక్కాలి?

అడగకుండా చేస్తే ఏమవుతుందో పక్క రాష్ట్రం చూపించింది. 2022 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ జీవో 117తో 3, 4, 5 తరగతులను ప్రాథమిక బడుల నుంచి తీసి ఉన్నత పాఠశాలల్లో కలిపే పని ముమ్మరం చేసింది. ఎన్నో ఊళ్లలో తల్లిదండ్రులు బడి ముందు బైఠాయించారు. చివరికి 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. మధ్యలో ఆ తరగతులు దాటిపోయిన పిల్లల కాలాన్ని ఏ జీవో తిరిగి ఇస్తుంది? అమెరికాలోనూ ఇదే కథ. షికాగోలో 2013లో ఒక్కసారిగా 50 దాకా బడులు మూసేశారు. అక్కడే తర్వాత మూతపడ్డ డయెట్ హైస్కూలును తిరిగి తెరిపించుకోవడానికి ఆ పేట తల్లిదండ్రులు, పెద్దలు 2015లో 34 రోజులు నిరాహార దీక్ష చేశారు. తమ బడి ఎలా ఉండాలో వాళ్లు అప్పటికే స్వయంగా ప్రణాళిక రాసిచ్చారు. మరుసటి ఏడాది ఆ బడి మళ్లీ తెరుచుకుంది. పిలిచి ఒక పూట కూర్చోబెట్టి వింటే సరిపోయేదానికి మనుషులు అన్నం మానుకోవాల్సి వచ్చింది.

అసలు బడి ఎక్కడ కావాలో లెక్కలే చెబుతాయి. దేశంలోని బడుల వివరాలు చెప్పే 2024-25 యూడైస్ లెక్కల్లో తెలంగాణలో ఒక్క విద్యార్థీ లేని బడులు 2,245 అని వచ్చింది. పల్లెల్లో బడి ఉంటే పిల్లలు లేరు. నగర శివారు బస్తీల్లో పిల్లలుంటే బడి లేదు. అందుకే కదా 2025లో మీరే 571 కొత్త బడులు అన్నారు, అందులో 359 పట్టణాలకు అన్నారు. వాటిలో శేరిలింగంపల్లికి వచ్చినవి ఎన్ని? ఏ బస్తీకి అవసరమో ఎవర్ని అడిగి తేల్చారు?

బడిబాట రోజుల్లో మీ టీచర్లే ఎండలో గల్లీ గల్లీ తిరిగి, గుడిసె గుడిసెకూ వెళ్లి పిల్లల్ని చేర్పించమని బతిమాలతారు. ఏ ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారో వాళ్లకు తెలుసు. అదే గడపకు అదే టీచరు వెళ్లి, ‘అమ్మా, బడి మారుద్దామనుకుంటున్నారు, నువ్వేమంటావు?’ అని అడగడానికి ఖర్చెంత?

ఆ తల్లుల మాట ఏదో ఒక పద్ధతిలో వినండి. తరలించాలనుకున్న బడుల జాబితా, చూసిన స్థలాలు తెలుగులో, ఉర్దూలో, హిందీలో బడి గేటుకు అంటించండి. కమిటీలు ఉన్నట్టా లేనట్టా చెప్పండి. మీటింగు పెడితే మాత్రం పనిదినం పొద్దున పదకొండుకు పెట్టి, తల్లిదండ్రులు రాలేదని రాసుకోకండి. ఆదివారం సాయంత్రం పెట్టండి, వస్తారు.

ఇట్లు,
కొత్తగూడ సర్కారు బడి పిల్లల మేలు కోరే పౌరులు