రైతు వేలు పడదు, రబ్బరు వేలు పడుతుంది

ఈకేవైసీ గడువు దగ్గర పడితే మీ సేవల దగ్గర, రైతు సేవా కేంద్రాల దగ్గర ఏం జరుగుతుందో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. అరవై దాటిన రైతు మిషను మీద బొటనవేలు పెడతాడు. పడదు. పంచెకు తుడుచుకుని మళ్లీ పెడతాడు. పడదు. "ఇంకో వేలు పెట్టు పెద్దాయనా" అంటాడు ఆపరేటరు. పదివేళ్లూ అయ్యాక "సర్వరు సరిగా లేదు, రేపు రా" అంటాడు. నలభై ఏళ్లు కొడవలి పట్టి, యూరియా చల్లి, మందు కలిపి గీతలు అరిగిపోయిన వేళ్లవి. నావీ అంతే. పోయిన ఏడు మూడు పూటలు తిరిగితే చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు దయతలిచింది.

ఇదే దేశంలో రబ్బరు వేలు మాత్రం తడుముకోకుండా పడింది. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్ముకునే ఒక వ్యక్తిని పోలీసులు అరెస్టు చేశారు. కంపెనీ పెట్టిన టార్గెట్లు అందుకోవడానికి అతను తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోకి వెళ్లాడు. భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటి మీద అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు వేసిన వేలిముద్రలు ఉన్నాయి, ఆధార్ నంబర్లూ ఉన్నాయి. స్టాంపులు చేసే పద్ధతిలో రబ్బరు వేలిముద్రలు చేసి, వాటితో వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. అతనేమీ పెద్ద కంప్యూటరు నిపుణుడు కాదు, ఏ సర్వరునూ పగలగొట్టలేదు. ప్రభుత్వమే తలుపు తీసి పెట్టింది, లోపలికి నడిచి వెళ్లాడు.

ఆ దస్తావేజులు ఎవరివి? మనవే. ఎకరం అమ్మినా అర ఎకరం కొన్నా, కూతురికి పసుపు కుంకుమ కింద రాసిచ్చినా మన వేలిముద్ర ఆ కాగితం మీద ఉంటుంది. సంతకం నకిలీ చేస్తే సంతకం మార్చుకోవచ్చు, ఏటీఎం కార్డు పోతే ఇంకో కార్డు ఇస్తారు. వేలిముద్ర పోతే ఇంకో వేలు ఎక్కడి నుంచి తెస్తాం?

సిమ్ కార్డులతో ఆగితే సరే అనుకోవచ్చు. ఆధార్ ఆధారిత చెల్లింపుల విధానంలో, అంటే ఊళ్లో బ్యాంకు మిత్ర చేతిలో ఉండే ఆ చిన్న మిషనులో, డబ్బు తీయడానికి మూడే కావాలి: బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. పిన్ను లేదు, ఓటీపీ లేదు. ఒక్కసారికి పదివేల దాకా తీయొచ్చు. ఏ ఊళ్లో మిషను నుంచైనా తీయొచ్చు. ఈ సౌకర్యం కావాలని మనం దరఖాస్తు పెట్టుకోలేదు. ఖాతాకు ఆధార్ లింకు చేయించుకోకపోతే పిఎం కిసాన్ పడదన్నారు, చేయించుకున్నాం. దాంతోపాటు ఈ తలుపు కూడా తెరుచుకుందని ఎవరూ చెప్పలేదు.

మా మండలంలో ఒక కౌలు రైతు ఖాతాలో మిర్చి అమ్మిన డబ్బు ఇలాగే పోయింది. వరసగా మూడు రోజులు, రోజుకు పదివేలు. ఫోనుకు మెసేజీ రాలేదు. పురుగుమందుల బాకీ కడదామని బ్యాంకుకు వెళ్తే అప్పుడు తెలిసింది. అక్కడి అధికారి కంప్యూటరు చూసి "నువ్వే వేలు పెట్టావు కదయ్యా, ఇక్కడ చూపిస్తోంది" అన్నాడు. ఆ మూడు రోజులూ ఆయన కల్లంలో కాయలు ఆరబోసుకుంటున్నాడు. డబ్బు తీసిన ఊరి పేరు కూడా ఆయన ఎన్నడూ వినలేదు. అయినా మిషను చెప్పింది నిజం, మనిషి చెప్పింది అబద్ధం. ఈకేవైసీ రోజున ఇదే మిషను ఈయన వేలు ఈయనది కాదంది!

ఏ విషయం అడిగినా పైనుంచి ఒకటే సమాధానం వస్తుంది: ఆధార్ కేంద్ర డేటాబేసులోంచి ఏదీ బయటికి పోలేదు, అది భద్రంగా ఉంది అని. ఉండనివ్వండి. బ్యాంకు లాకరు గది గోడలు ఎంత మందమో చెబితే, దారిలో జేబు కొట్టించుకున్నవాడికి ఏం ఊరట? మన వివరాలు పోయింది ఆ గదిలోంచి కాదు, శాఖల వెబ్‌సైట్లలోంచి. బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ 2017 మే నెలలో ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, పది కోట్ల దాకా బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరైనా చూసేలా ఉన్నాయని లెక్కగట్టింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులది ఒకటి, చంద్రన్న బీమాది ఒకటి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, కులం, మతం కూడా బయట పడి ఉన్నట్టు తేలింది. 2022లో పిఎం కిసాన్ వెబ్‌సైటు వంతు వచ్చింది. అందులో ఒక భాగం నుంచి రైతుల ఆధార్ నంబర్లు బయటికి కనిపిస్తున్నాయని ఒక భద్రతా పరిశోధకుడు జనవరిలో ప్రభుత్వ సంస్థకు రాస్తే, సరిచేసేటప్పటికి మే నెలాఖరైంది. నాలుగు నెలలు! మనకు ఈకేవైసీకి నాలుగు రోజులు గడువు పెంచమంటే కుదరదంటారు.

వీటిలో ఒక్కదానికైనా ఒక్క అధికారి మన ఊరికి వచ్చి "మీ వివరాలు బయట పడ్డాయి, జాగ్రత్తగా ఉండండి" అని దండోరా వేయించాడా? కరెంటు బిల్లు బకాయి ఉంటే మాత్రం మైకు పెట్టి చెబుతారు.

ఇప్పుడు దీని మీద ఇంకో అంతస్తు కడుతున్నారు. 2024 సెప్టెంబరు 2న కేంద్ర మంత్రివర్గం 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 11 కోట్ల మంది రైతులకు విశిష్ట గుర్తింపు సంఖ్యలు ఇవ్వాలన్నది లక్ష్యం. భూమి రికార్డు, వేసిన పంట, ఇంట్లో మనుషులు, తీసుకున్న లబ్ధి అన్నీ ఆ ఒక్క సంఖ్య చుట్టూ చేరతాయి. భూమి రికార్డు ఆధారంగా ఇచ్చే సంఖ్య గనుక కౌలు రైతు మళ్లీ గుమ్మం బయటే. దాని మీద మన సంఘం చాలాసార్లు రాసింది, ఇక్కడ మళ్లీ రాయను. ఈ పథకం పొత్తిళ్లలో ఉన్నప్పుడే, 2021లో, వ్యవసాయ శాఖ మైక్రోసాఫ్ట్, అమెజాన్, పతంజలి వంటి సంస్థలతో ఒప్పందాలు రాసుకుంది. మైక్రోసాఫ్ట్‌కు ఆరు రాష్ట్రాల్లో వంద గ్రామాల్లో ప్రయోగం చేసే పని ఇచ్చారు, ఆంధ్రప్రదేశ్ అందులో ఉంది. కంపెనీలు ఉచితంగానే చేస్తున్నాయని ప్రభుత్వం చెప్పింది. మన పొలం గట్టు మీదికి ఉచితంగా వచ్చే కంపెనీని ఇంతవరకు నేను చూడలేదు. ఏ రైతు ఏ పంట వేశాడో, ఎంత అప్పులో ఉన్నాడో ముందే తెలిసినవాడు విత్తనం ఏ ధరకు అమ్మాలో, పంట ఏ ధరకు అడగాలో కూడా ముందే తెలుసుకుంటాడు. రైతులతో మాట్లాడకుండా ముందుకు పోవద్దని అప్పట్లోనే 55 సంఘాలు, సంస్థలు వ్యవసాయ శాఖకు లేఖ రాశాయి.

మరి చట్టం ఏమీ లేదా అంటే ఉంది. 2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పేరు బాగుంది. ప్రభుత్వం సబ్సిడీలకోసం ఒకసారి తీసుకున్న వివరాలను ఇంకో పథకానికి వాడుకోవాలంటే కొత్తగా మన సమ్మతి అడగనక్కర్లేదని అందులో దారి ఉంచుకున్నారు. భద్రత లోపం వల్ల వివరాలు పోతే 250 కోట్ల దాకా జరిమానా అన్నారు. వినగానే కడుపు నిండుతుంది. ఆ జరిమానా ఎవరికి పోతుంది? కేంద్ర ప్రభుత్వ సంచిత నిధికి. డబ్బు పోగొట్టుకున్న రైతుకు అందులోంచి పైసా రాదు. కంపెనీల నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవాడికి పరిహారం ఇచ్చే 43ఎ అనే సెక్షను పాత ఐటీ చట్టంలో ఉండేది. కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చిన రోజున అదీ రద్దవుతుంది. పైగా పనికిమాలిన ఫిర్యాదు చేశావని తేలిస్తే ఫిర్యాదుదారు మీదే పదివేల దాకా జరిమానా వేయొచ్చు. 2025 నవంబరులో నియమాలు ప్రకటించినప్పుడు కంపెనీల, శాఖల బాధ్యతలకు పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చారు. సమాచార హక్కు చట్టాన్ని కుదించే సవరణను మాత్రం వెంటనే అమలు చేశారు. ఎవరి తొందర ఎవరికోసమో చదువరులే చూసుకోవచ్చు.

మనం మిషన్లకు వ్యతిరేకం కాదు. డబ్బు నేరుగా ఖాతాలో పడటం వల్ల మధ్య దళారీ కొంత తగ్గాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మళ్లీ ఆ రోజులు రావాలని ఏ రైతూ కోరడు. మన గొడవ ఒకటే. నువ్వు అడిగావు, ఇవ్వకపోతే సాయం ఆపుతానన్నావు, ఇచ్చాం. నీ దగ్గర పోతే నువ్వే కట్టాలి. గోదాములో ధాన్యం తడిస్తే గోదాము వాడు కడతాడు. డేటాకు మాత్రం ఆ న్యాయం ఎందుకు పనికిరాదు? పోగొట్టిన శాఖ రైతుకు పరిహారం ఇవ్వాలి, వివరాలు బయట పడిన సంగతి గ్రామసభలో చదివి వినిపించాలి, ఆధార్‌తో డబ్బు తీసే సౌకర్యం ఖాతాదారు అడిగితేనే తెరవాలి. ఈ మూడూ రాతపూర్వకంగా వచ్చేవరకు విశిష్ట సంఖ్య లేదన్న సాకుతో ఏ రైతుకూ ఎరువులు గానీ బీమా గానీ ఆపకూడదు. మండల స్థాయి వినతిపత్రాల్లో ఈసారి ఇదే మొదటి అంశంగా పెట్టాలి.

అంతవరకు చేతిలో ఉన్న ఆయుధాలు వదలొద్దు. డబ్బు పోయిందని తెలిసిన గంటే 1930కి ఫోను చేయాలి. బ్యాంకులో నోటిమాట కాకుండా కాగితం మీద ఫిర్యాదు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. మన తప్పు లేకుండా పోయిన డబ్బు గురించి, సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేస్తే ఖాతాదారుకు బాధ్యత లేదని, పది పనిదినాల్లో ఆ మొత్తం ఖాతాలో వేయాలని, తప్పు ఖాతాదారుదని రుజువు చేసే భారం బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు తాళం వేసుకోవచ్చు. రేషను దగ్గర, ఈకేవైసీ దగ్గర ప్రతిసారీ తీయాలి, బటన్ ఫోను ఉన్నవాడికి అదొక తలనొప్పి. ఇంట్లో చదువుకున్న పిల్లలున్నవాళ్లు వేయించుకోండి.

మా మండలం కౌలు రైతు మొదటిసారి నోటితో చెప్పి వెనక్కి వచ్చాడు. రెండోసారి సంఘం తరఫున నలుగురం వెళ్లాం. ఆ 2017 ఉత్తర్వు జిరాక్సు బల్ల మీద పెడితే, అధికారి అది మొదటిసారి చూస్తున్నట్టు రెండుసార్లు చదివి, ఫిర్యాదు తీసుకుని ముద్ర వేశాడు. ఇవాళ్టికి ఆరో పనిదినం.