తత్కాల్ గడియారం, చూపులేని ప్రయాణికుడు

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉన్న షాలిమార్ స్టేషను కోల్‌కతా తెలుగువారికి సుపరిచితం. విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ అక్కడి నుంచే బయలుదేరుతుంది. దానిలో తత్కాల్ టికెట్టు కావలసినవారు ముందురోజు ఉదయం, ఏసీ తరగతులకు 10 గంటలకు, తక్కిన వాటికి 11 గంటలకు ఆన్‌లైన్ పోటీకి దిగవలసిందే. చూపున్నవారికే కష్టమైన ఈ పోటీలో, తెరపై రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌ను నమ్ముకున్న ప్రయాణికుడి పరిస్థితి ఏమిటి? ఏ వెబ్‌సైట్‌లోనైనా ఒక మీటకు కోడ్‌లో పేరు పెట్టకపోతే ఆయనకు 'బటన్' అన్న మాటే వినిపిస్తుంది. అది చెల్లింపుదో, రద్దుదో తెలియదు.

ఈ విషయంలో ప్రపంచానికి కొలబద్ద వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం రూపొందించిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం. 1999లో తొలి కూర్పు, 2023 అక్టోబరులో 2.2 కూర్పు వెలువడ్డాయి. వినియోగదారుల అవసరాన్ని, డెవలపర్ల శ్రమను తూచి నిబంధనలను ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అంచెలుగా విభజించారు. ఒక నిబంధనకు కావలసిన నైపుణ్యం వారం రోజుల శిక్షణతో అబ్బుతుందా అన్నది కూడా ఆ తూకంలో ఒక రాయి. ముందుగా రికార్డు చేసిన వీడియోకు శీర్షికలు మొదటి అంచెలో ఉండగా, సంజ్ఞాభాష అనువాదం మూడో అంచెకు చేరింది. సంజ్ఞలే మాతృభాష అయిన బధిరులకు ఈ తూకం న్యాయంగా తోచకపోవచ్చు.

గడువు విషయంలో మాత్రం ప్రమాణం చూపిన దారి వివేకవంతమైనది. వ్యవధి పెంచుకునే వీలు కల్పించాలన్నది సాధారణ నియమం. సీట్లు వేగంగా అమ్ముడయ్యే చోట మినహాయింపు ఉంది. అయితే పేరు, చెల్లింపు వివరాల వంటివి గడియారం మొదలుకాకముందే నింపుకోనివ్వాలని వివరణ పత్రం సూచిస్తుంది.

మన దేశంలో ఇన్నాళ్లూ చిక్కు వేరే చోట ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లో 15వది ప్రమాణాలను మార్గదర్శకాల స్థాయిలోనే ఉంచిందని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తప్పుపట్టింది. తప్పనిసరి నియమాలను విడిగా నిర్దేశించాలని, అందుకు మూడు నెలల గడువని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయ దివ్యాంగ అధ్యయన కేంద్రానిది. 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో, డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణం కింద జీవన హక్కులో భాగమని అదే కోర్టు స్పష్టం చేసింది. గుర్తింపు ధ్రువీకరణకు కళ్లు ఆర్పమని అడిగితే ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు వేసిన వ్యాజ్యమది.

శ్రమ ఎక్కువన్న వాదన అన్నిచోట్లా చెల్లదు. మీటకు పేరు పెట్టడం, పుట భాష తెలుగని కోడ్‌లో ప్రకటించడం నిమిషాల పని. పాత ఫాంట్లలో, స్కాన్ చేసిన బొమ్మల్లో చిక్కుకున్న వేలాది తెలుగు ప్రకటనలను యూనికోడ్‌లోకి మార్చడం నిజంగానే భారం. వాటిని కోరినవారికి కోరినప్పుడు మార్చి ఇవ్వవచ్చు. రేపు వెలువడే ప్రకటనకు మాత్రం ఆ సాకు లేదు.