ఒంటికాలి పరీక్ష

సంక్రాంతి దగ్గరపడితే గోదావరి జిల్లాల్లో కోతలైపోయిన చేలల్లో కబడ్డీ గీతలు పడతాయి. కూతకెళ్లిన కుర్రాడు ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు చాచి ఎదుటివాణ్ని తాకబోతాడు. సరిగ్గా అప్పుడే నలుగురూ మీద పడతారు. చూసేవాళ్లకు హుషారే! నేలమీదున్న ఆ ఒక్క కాలికి మాత్రం అది పరీక్ష.

నిజంగానే అలాంటి పరీక్ష ఒకటుంది. ఒంటికాలిపై నిలబడి, రెండో పాదాన్ని ముందుకీ, వెనక పక్కలకీ ఎంత దూరం చాచగలరో కొలుస్తారు. అమెరికాలో హైస్కూలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను ఇలా పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. ముందుకు చాచినప్పుడు రెండు కాళ్ల మధ్య 4 సెంటీమీటర్లకు పైగా తేడా ఉన్నవారిలో కాళ్లకు గాయాలయ్యే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువట.

ఎందుకలా? కండరాల్లో, కీళ్లలో ఉండే నాడులు పాదం ఎటు ఒరుగుతోందో క్షణంలో కబురు పంపుతాయి. కండరం బిగుసుకుని కీలును కాపాడుతుంది. చీలమండ బెణికితే లిగమెంటుతోపాటు ఈ కబురు దారీ దెబ్బతింటుంది. వాపు తగ్గినా కబురు ఆలస్యంగానే అందుతుండొచ్చు. అందుకే ఒకసారి బెణికిన కాలే మళ్లీ మళ్లీ బెణుకుతుంటుంది. మనమేమో ‘వాపు తగ్గిందిగా, దిగరా’ అంటాం!

మనిషిని పట్టి పడేయడంలో మన చెడుగుడుకు చుట్టం రగ్బీ. ఇంగ్లండ్ స్కూళ్ల రగ్బీ జట్లకు నిలకడ, కండబలం, దూకి సరిగా దిగడం కలిపి సుమారు 20 నిమిషాల వ్యాయామం నేర్పారు. వారానికి కనీసం మూడుసార్లు చేసిన జట్లలో మ్యాచ్ గాయాలు, మామూలు వ్యాయామం అంతే తరచుగా చేసిన జట్లకన్నా 72 శాతం తక్కువని 2017లో తేలింది.

మన కుర్రాళ్లకు దీనికోసం పరికరాలేమీ అక్కర్లేదు. గోడ పక్కన ఒంటికాలిపై 30 సెకన్లు నిలబడాలి. అది కుదిరాక కళ్లు మూసుకుని, ఆ తర్వాత బంతి పట్టుకుంటూ చేయాలి. రెండు కాళ్లకూ సమానంగా! నొప్పి తగ్గకపోయినా, మోకాలు జారిపోతున్నట్టున్నా ఎముకల డాక్టరుకు చూపించాల్సిందే. నిలకడ ఒక్కటే అన్ని గాయాలనూ ఆపలేదు.

తడబడే కాలుతో కాలువ మీది తాటిపట్టె ఎవరూ దాటరు. మరి కూతకెందుకు పంపడం?