అరువు ఖాతాలు చెప్పేది వేరు



పూర్వం గ్రంథాలయాలకు వెళ్లినవారంతా గొప్ప సాహిత్యమే చదివేవారన్న గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణ గ్రంథాలయం పాత రిజిస్టర్లు 2003లో బయటపడ్డాయి. 1891 నుంచి 1902 దాకా ఎవరు, ఏ రోజు, ఏ పుస్తకం తీసుకెళ్లారో సిబ్బంది చేత్తో రాసిపెట్టారు. 1892–94 మధ్య నమోదులు మాత్రం లేవు. అక్కడ అన్నిటికంటే ఎక్కువగా అరువు వెళ్లినవి హొరేషియో ఆల్జర్ పుస్తకాలు. పేద కుర్రాళ్లు కష్టపడి పైకొచ్చే కథలవి! షేక్‌స్పియర్ ఆ దరిదాపుల్లో లేడు. తీసుకెళ్లినదంతా చదివినట్టు కాదు, నిజమే. కానీ మన ఊహలకంటే ఆ ఖాతాలే నమ్మదగినవి. ఆ వివరాలు ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉన్నాయి. వ్యాసకర్త ఒకసారి వాటిని పరిశీలించి, తన అభిప్రాయాన్ని సవరించుకోవాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు