గాలియే గదా యనరాదు

తుపాకి గురి క్రీడ నేడు మన యువజనులను విశేషముగా ఆకర్షించుచున్నది. 2008లో బీజింగు ఒలింపిక్ క్రీడలందు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో అభినవ్ బింద్రా స్వర్ణపతకమును గెలిచెను. అదే పోటీలో 2012లో లండనునందు, హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ కాంస్యపతకమును గెలిచెను. ఇట్టి విజయములను చూచి మన కుటుంబముల బాలబాలికలును ఈ క్రీడపై మక్కువ చూపుట సంతోషదాయకమే. అయితే ఆ మక్కువను ప్రోత్సహించు పెద్దలు తప్పక తెలిసికొనవలసిన విషయ మొకటి కలదు.

ఇప్పటి పోటీ ఎయిర్ రైఫిళ్లలో మందుగుండు లేదు. నాళము క్రింద నమర్చిన చిన్న సిలిండరులో గాలిని ముందుగనే కూరి నింపెదరు. మీట నొక్కినప్పుడెల్ల అందుండి కొంత గాలి వెలువడి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుళికను త్రోయును. ఆ సిలిండరులోని ఒత్తిడి సాధారణముగా 200 బార్లు. మోటారు కారు టైరులో నుండునది రెండు బార్లకు కొంచె మెక్కువ మాత్రమే. అనగా ఒక చదరపు సెంటీమీటరు చోటున దాదాపు రెండువందల కిలోగ్రాముల బరువు మోపినంత బలము ఆ చిన్న పాత్రలో బంధింపబడి యున్నది. మందుగుండు లేదు, గాలియే గదా యను ధీమా ఇచ్చట పనికిరాదు.

అన్నిటికన్న ముఖ్యమైన నియమము: అందు నింపవలసినది పరిశుభ్రమైన పొడి గాలి మాత్రమే. ఆస్పత్రులలోను, వెల్డింగు దుకాణములలోను వాడు ఆక్సిజనును ఎన్నడును నింపరాదు. రైఫిలు లోపల అంటియున్న నూనెకు, గ్రీజుకు అధికమైన ఒత్తిడిలో ఆక్సిజను సోకినచో, నిప్పు తగులకయే మంట పుట్టి ప్రేలుడు సంభవింపవచ్చును.

రెండవది, నిదానము. గాలిని వేగముగా కూరినచో వేడెక్కును. చల్లారిన పిమ్మట ముల్లు క్రిందికి దిగును. దానిని చూచి తొందరపడరాదు. కొన్ని పెద్ద సిలిండర్లలో 300 బార్ల గాలి యుండును. దానినుండి 200 బార్ల రైఫిలును నింపునపుడు వాల్వును కొద్దికొద్దిగా త్రిప్పుచు, కన్ను ముల్లుపైననే నిలుపవలెను. తయారుచేసినవారు చెక్కిన అంకెను దాటరాదు.

మూడవది, తేమ. గాలిని అణచినపుడు దానియందలి తేమ నీరుగా మారును. ఆ నీటిని వడియగట్టని కంప్రెసరుతో నింపినచో ఉక్కు పాత్ర లోలోపల త్రుప్పు పట్టును.

నాలుగవది, గొట్టము. అందు నిలిచిన గాలిని విడువక బిగింపును విప్పరాదు. గాలి కారుచున్నదేమో యని వ్రేలితో తడిమి చూడరాదు. సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. సబ్బునీటితో చూడవలెను. నింపునపుడు రైఫిలులో గుళిక యుండరాదు.

ఐదవది, పాత్ర వయస్సు. అంతర్జాతీయ పోటీ నియమముల ప్రకారము రైఫిలు సిలిండరుకు గరిష్ఠ పరిమితి పది సంవత్సరములు. పెద్ద సిలిండర్లకు నిర్ణీత కాలమున కొకసారి నీటి ఒత్తిడి పరీక్ష జరుగవలెను. మన దేశమున 2016 నాటి గ్యాసు సిలిండర్ల నియమములను అమలుపరచు కేంద్ర సంస్థ ప్రధాన కార్యాలయము నాగపురమున కలదు. పరీక్ష తేదీ పాత్రపై ముద్రింపబడి యుండును. ఆ తేదీ గడచిన పాత్రను ఎంత తక్కువ ధరకు వచ్చినను కొనరాదు.

ఈ సంగతులను మన పత్రికలో వ్రాయుటకు కారణము కలదు. రైఫిలుతో వచ్చు సూచనల పుస్తకములు తరచుగా ఇంగ్లీషులోనో జర్మనులోనో ఉండును. ఆ పరికరమును ఇంటిలో ఉంచుకొనుటకు అనుమతి నిచ్చు తండ్రికిగాని తాతకుగాని తెలుగు తప్ప వేరొక లిపి రాకపోవచ్చును. మరి కొన్ని ఇండ్లలో పిల్లలు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. పెద్దలకు ఇంగ్లీషు రాక, పిల్లలకు తెలుగు చదువ రాక, నడుమ హెచ్చరిక మాత్రము ఎవరికిని అందకపోవును. భాషా హక్కులన్నచో పాఠశాల, న్యాయస్థానము, దరఖాస్తు అని మనము తలచుచున్నాము. ప్రాణరక్షణకు సంబంధించిన మాట తెలిసిన భాషలో వినుట వాటికన్న తక్కువ హక్కు కాదని మా అభిప్రాయము.

కావున మన శాఖలవారు ఈ ఐదు నియమములను తెలుగులోను, ఆయా రాష్ట్ర భాషలోను ఒకే కాగితముపై వ్రాయించి, మన పిల్లలు వెళ్లు శిక్షణ కేంద్రములలో గాలి నింపు చోట కట్టించుటకు నిర్వాహకులను కోరవలెను. ఇది ఏ భాషకును పోటీ కాదు. ప్రక్కనున్న బాలునికి సైతము మేలు చేయునదే. చదువలేని పిల్లలకు ఇంటిలో పెద్దలు చదివి వినిపింపవలెను. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వ నారంభించుటకన్న, ఈ స్వల్పప్రయత్నము ఇప్పుడే జరుగుట మంచిది. మన సభ్యులు ఈ విషయమున ఉపేక్ష చేయరని ఆశించుచున్నాము.