నేలలో ఏముందో ముందే తేలాలి

బొగ్గు ఉన్నదని తెలిసినంత మాత్రాన గని తవ్వకానికి సరిపోదు. పొర ఎంత మేర మంచిది, ఎక్కడ తెగింది, ఎక్కడ కాలింది అన్నది కూడా ముందే తేలాలి. అది తేలకుండా భూములు సేకరిస్తే నష్టం కంపెనీకే కాదు, పొలం వదులుకున్న రైతుకూ తప్పదు.

జార్ఖండ్‌లోని ఝరియా ఇందుకు ఉదాహరణ. ఉక్కు తయారీకి కావలసిన మేలురకం కోకింగ్ బొగ్గుకు దేశంలో పేరు పొందిన ప్రాంతమది. కోట్ల సంవత్సరాల క్రితం అక్కడ భూగర్భంలో కరిగిన శిల పైకి ఎగదన్ని బొగ్గు పొరల్లోకి చొరబడింది. గోడలా నిలువుగా గడ్డకట్టిన దానిని డైక్ అనీ, పొరల నడుమ పరచుకున్న దానిని సిల్ అనీ అంటారు. ఆ వేడికి పక్కనున్న బొగ్గు మాడిపోయింది. అక్కడివారు దానిని ఝామా అంటారు. కోకింగ్ బొగ్గుగా అది పనికిరాదు.

ఇటువంటి గోడలను బోర్లు మాత్రమే పట్టివ్వలేవు. బోరూ నిలువే, డైకూ నిలువే. వందల మీటర్ల ఎడంతో వేసిన రెండు బోర్ల మధ్య కొద్ది మీటర్ల మందం గల గోడ దాగి ఉంటే దేనికీ తగలదు. కాగితం మీద పొర నిండుగా కనిపిస్తుంది. తవ్వబోతే రాయి ఎదురవుతుంది.

ఇక్కడే భూభౌతిక సర్వే అక్కరకు వస్తుంది. డోలరైట్ వంటి శిలలో అయస్కాంత గుణం గల ఇనుప ఖనిజం ఉంటుంది. బొగ్గులో, ఇసుకరాతిలో అది బహు స్వల్పం. మాగ్నెటోమీటరుతో పొలాల మీదుగా వరుసగా కొలతలు తీస్తే డైక్ ఉన్నచోట అంకెలు మారతాయి. ఆ చోట్లను కలిపితే గోడ ఎటు పోతున్నదీ తెలుస్తుంది. అయితే బొగ్గును తాకిన శిల ఒక్కొక్కచోట తెల్లబారి అయస్కాంత గుణం కోల్పోతుంది. ఇనుప కంచెలు, కరెంటు తీగలు కూడా కొలతలను తప్పుదారి పట్టిస్తాయి. కనుక అనుమానం ఉన్నచోట ఏటవాలు బోరు వేసి నిర్ధారించుకోవాలి.

గోదావరి లోయ గనులకు పెద్ద ఇబ్బంది డైకులు కాదు, ఫాల్టులు. పొర తెగి ఒకవైపు కిందికి జారిపోతుంది. నేలను స్వల్పంగా అదిరించి, లోపలి పొరలను తాకి తిరిగివచ్చే తరంగాలను నమోదు చేస్తే వీటి జాడ తెలుస్తుంది. పద్ధతి వేరైనా సూత్రం ఒక్కటే. తవ్వకముందే తెలుసుకోవాలి.

సర్వే సిబ్బంది పొలంలోకి వచ్చినప్పుడు రైతులు సహకరించడం మంచిదే. అదే సమయంలో తమ హక్కులూ తెలుసుకోవాలి. 1957 నాటి బొగ్గు భూముల సేకరణ చట్టం కింద అన్వేషణ జరిగితే, అందువల్ల కలిగిన నష్టానికి పరిహారం చెల్లించాలి. భూమి సేకరించదలచినట్లు ఏడవ సెక్షన్ కింద నోటిఫికేషన్ వెలువడితే 30 రోజులలోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. కాని నేలలో ఏముందో తెలియని రైతు ఏమని అభ్యంతరం చెబుతాడు?

అందువల్ల సర్వేలో తేలిన విషయాలను తెలుగులో, పటంతో సహా, గ్రామ పంచాయతీలో ఉంచాలి. బొగ్గు ఖాయంగా ఉన్నది ఎక్కడ, అనుమానం ఎక్కడ, ఏ భూములు అవసరం లేదు అన్నది సర్వే నెంబర్లవారీగా చూపాలి. తరతరాల భూమిని అడిగేవారు ఆ భూమి కింద ఏముందో చెప్పడం కనీస ధర్మం. అధికారులు ఈ విషయమై వెంటనే శ్రద్ధ వహించాలి.